మాటలు పుట్టాయి, లిపి తయారైంది. మరి వ్యాకరణం ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో క్లుప్తంగా చెబుతాను. మీరు రాస్తున్న నవలలో సముద్రం మీద బతికే ఒక జాతి ఉంది. వాళ్ళ భాష కోసం ఏడు వందల మాటలు పుట్టించారు, లిపి గీశారు. వ్యాకరణం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయారు. ఎన్ని విభక్తులు పెట్టాలి, ఎన్ని కాలాలు ఉండాలి, కావాలని అపవాదాలు, అంటే నియమానికి లొంగని రూపాలు, చేర్చాలా వద్దా అన్నవి మీ మూడు ప్రశ్నలు. మీ స్నేహితుడు చదివి ‘ఇది వేషం మార్చిన తెలుగే కదా’ అన్నాడని కూడా రాశారు.

సూటిగా చెబుతాను. విభక్తుల లెక్క, కాలాల లెక్క ఇప్పుడు తేల్చకండి. పట్టికలు పక్కన పెట్టి వాక్యాలు రాయండి. అంతకంటే ముందు ఒక్క నిర్ణయం చేయండి: మీ భాష మాట్లాడే మనిషి ఏ సంగతి చెప్పకుండా వాక్యం పూర్తి చేయలేడు? ఏ భాషలోనైనా ఏ విషయమైనా ఎలాగో ఒకలా చెప్పవచ్చు. తేడా అంతా తప్పనిసరిగా చెప్పవలసిన దాంట్లోనే ఉంటుంది. తెలుగులో ‘మేము’ అనాలో ‘మనం’ అనాలో తేల్చుకోకుండా బహువచనంలో మాట్లాడలేం. ఎదుటివాడు మన గుంపులో ఉన్నాడా లేడా అన్నది చెప్పి తీరాలి. హిందీలో ‘హమ్’ అంటే చాలు, ఆ బాధ లేదు. అలాంటి ఒక్క నిర్బంధం సరిగ్గా ఎంచుకుంటే మిగతా వ్యాకరణంలో సగం దాని వెంటే నడిచి వస్తుంది.

మీ స్నేహితుడి మాట నిజమే, బాధపడకండి. మీరిచ్చిన వాక్యమే చూద్దాం: ‘మిరోక తసే హెలు గెన్ దురాల నిన్ వొరె.’ అర్థం: ‘నాకు నీ మాట అర్థం కాలేదు అని అన్నాడు.’ ఏడు మాటలకు ఏడు మాటలు, అదే వరుసలో. ‘మిరోక’ చివరి ‘క’ మన ‘కు’. అర్థం చేసుకునే మనిషిని కర్తగా నిలబెట్టకుండా ‘నాకు’ అని పక్కకు తప్పించడం మన పద్ధతి. ఆకలి వేసినా, కోపం వచ్చినా, ఏదైనా తెలిసినా మనకు ‘నాకు’ కావాలి. ‘అర్థం’ అనే నామవాచకానికి ‘కావడం’ తగిలించి క్రియ చేయడం కూడా మనదే. ఇక ‘అని’ సంగతి చెప్పనక్కరలేదు. ఎవరో అన్న మాటను యథాతథంగా ఎత్తిపెట్టి, దాని తోకకు ‘అని’ ముడివేసి, ఆ తర్వాతే ‘అన్నాడు’ అంటాం. మీ ‘నిన్’ అక్షరాలా అదే పని చేస్తోంది.

ఈ పొరపాటు మీ ఒక్కరిదే కాదు. పన్నెండో శతాబ్దంలో జర్మన్ సన్యాసిని హిల్డెగార్డ్ దాదాపు వెయ్యి మాటలతో ఒక రహస్య భాష కల్పించింది. అందులో దాదాపు అన్నీ నామవాచకాలే. మనకు దొరికిన కొద్దిపాటి రాతలో ఆ మాటలు లాటిన్ వాక్యాల మధ్య పొదిగి ఉన్నాయి. కొత్త మాటలు, పాత వ్యాకరణం. మాటలు పుట్టించడంలో ఆనందం ఉంది కాబట్టి అందరం అక్కడే మొదలుపెడతాం. మన వ్యాకరణం మనకు కనిపించదు కాబట్టి అదే లోపలికి దూరుతుంది.

కనిపించదు అనడానికి ఒక ఉదాహరణ. ‘ఆమె వచ్చింది’, ‘పిల్లి వచ్చింది’: ఏకవచనంలో స్త్రీకీ పిల్లికీ ఒకే క్రియ. బహువచనానికి వెళ్ళగానే ‘వాళ్ళు వచ్చారు’, ‘పిల్లులు వచ్చాయి’. ఇప్పుడు స్త్రీలు పురుషులతో కలిశారు, పిల్లులు విడిపోయాయి. ఎవరైనా కల్పిత భాషలో ఇలా పెడితే ‘మీ లింగ విభజనలో పొరపాటు దొర్లింది’ అని మనమే సరిదిద్దుతాం. అలాగే కలిగి ఉండటం. ‘నాకు ఇద్దరు పిల్లలున్నారు’, కానీ ‘నా దగ్గర డబ్బుంది’. బంధానికి ఒక దారి, చేతిలో ఉన్నదానికి ఇంకో దారి. ఇంగ్లీషువాడు రెండింటికీ ఒకే క్రియ వాడతాడు. కొత్త భాష చేసే తెలుగువాడు ఒక వారం పాటు తన నోటి నుంచి వచ్చే వాక్యాలను పరాయివాడిలా వినాలని నేనంటాను. ఇంటర్నెట్‌లో దొరికే సలహాలన్నీ ‘ఇంగ్లీషును అనుకరించకండి’ అంటాయి. మన రోగం అది కాదు.

ఇప్పుడు మీ సముద్రజాతి సంగతి. వాళ్ళ చేత తప్పనిసరిగా ఏం చెప్పించాలి? నేనైతే దిక్కును ఎంచుకుంటాను. ఇది గాలిలోంచి తీసింది కాదు. హవాయి భాషలో, బాలి భాషలో మనుషులు కుడి ఎడమల కంటే ‘సముద్రం వైపు’, ‘కొండ వైపు’ అన్న మాటలతోనే దారి చెబుతారు. మీరు ఇంకో అడుగు ముందుకు వేయండి. కదలికను చెప్పే ప్రతి క్రియకూ ‘ఒడ్డు వైపు’ లేదా ‘కడలి వైపు’ అన్న ప్రత్యయం ఉండి తీరాలి. ‘అతను వెళ్ళాడు’ అని ఊరకే అనలేరు. నడిసముద్రంలో ఉన్నప్పుడు ఏమంటారు? ఒడ్డు ఎటుందో తెలియని రాత్రి ఏమంటారు? చూడండి, కథ అప్పుడే మొదలైంది.

అక్కడితో ఆగకండి, ఆ ప్రత్యయాలు అరిగిపోనివ్వండి. తెలుగులో ‘పోవు’ అంటే వెళ్ళడం. కానీ ‘కాఫీ చల్లారిపోయింది’ అన్నప్పుడు కాఫీ ఎక్కడికీ వెళ్ళలేదు. పని పూర్తయిందని, వెనక్కి రాదని చెబుతున్నాం. ‘వచ్చు’ కూడా అంతే: ‘ఏళ్ళుగా చెబుతూ వచ్చాడు’ అంటే అప్పటి నుంచి ఇప్పటిదాకా సాగిన పని. ‘చేస్తున్నాను’ కూడా ఒకప్పుడు ‘చేస్తూ ఉన్నాను’ అనే రెండు మాటలే. వ్యాకరణం చాలావరకు ఇలాగే పుడుతుంది. బతికిన మాట వాడగా వాడగా ప్రత్యయంగా గట్టిపడుతుంది. మీ భాషలో ‘కడలి వైపు’ అన్నది కొన్ని తరాల్లో ‘పూర్తయింది, చేజారింది’ అన్న అర్థం తెచ్చుకోవచ్చు. ‘ఒడ్డు వైపు’ అన్నది ‘ఇప్పుడిప్పుడే మొదలవుతోంది, దగ్గరపడుతోంది’ అనే అర్థం తెచ్చుకోవచ్చు. అప్పుడు ‘ఎన్ని కాలాలు పెట్టాలి’ అన్న మీ రెండో ప్రశ్నకు సగం జవాబు దానంతట అదే దొరికింది. భూత, వర్తమాన, భవిష్యత్తులు అని మూడు గళ్ళు గీయనక్కరలేదు.

ఆ మూడు గళ్ళు తెలుగులోనే సరిగ్గా లేవు. ‘రోజూ వస్తాను’, ‘రేపు వస్తాను’: అలవాటుకూ భవిష్యత్తుకూ ఒకే రూపం. ‘రాను’ అంటే ఇప్పుడా, రేపా, ఎప్పటికీనా? చైనీస్‌లో క్రియకు కాలాన్ని బట్టి రూపమే మారదు. పని ముగిసిందా లేదా అన్నది చిన్న మాటతో చెబుతారు, ఎప్పుడన్నది ‘నిన్న’, ‘రేపు’ చూసుకుంటాయి.

ఒక హెచ్చరిక. నిర్బంధం పెట్టాక దాని మూల్యం కూడా మీరే చెల్లించాలి. కొన్నేళ్ళ కిందట ఒక కంప్యూటర్ ఆట తయారుచేసే బృందానికి భాష చేసి ఇచ్చాను. ప్రతి క్రియకూ ఆ సంగతి ఎలా తెలిసిందో చెప్పే ప్రత్యయం పెట్టాను: కళ్ళారా చూస్తే ఒకటి, ఎవరో చెబితే ఒకటి, ఆనవాళ్ళను బట్టి ఊహిస్తే ఒకటి. తెలుగులో ‘వచ్చాడట’ అనవచ్చు, మానవచ్చు. టర్కిష్‌లో మాత్రం చూసి చెప్పే ‘గెల్ది’, విని చెప్పే ‘గెల్మిష్’ రెండూ వేరు, ఏదో ఒకటి ఎంచుకోవాలి. బృందానికి ఈ ఆలోచన తెగ నచ్చింది. రెండు నెలల తర్వాత కథ రాసే ఆయన తల పట్టుకుని వచ్చాడు. ఆటలో ఒక పాత్ర హత్యను చూసి కూడా చూడనట్టు నటించాలి. నా వ్యాకరణంలో ఆమె నోరు తెరిచిందంటే పట్టుబడాలి, లేదా ప్రత్యయంలోనే అబద్ధం ఆడాలి. చివరికి అబద్ధమే ఆడించాం. జాగ్రత్తగా వినే ఆటగాడు ఆ ప్రత్యయం దగ్గరే ఆమెను పట్టుకుంటాడు. ఆ ఆటలో నాకు బాగా నచ్చిన ఘట్టం అదే. కానీ అప్పటికే రికార్డు చేసిన నలభై వాక్యాలు మళ్ళీ చెప్పించాల్సి వచ్చింది. అందుకు ఎవరూ నాకు కృతజ్ఞతలు చెప్పలేదు.

విభక్తుల దగ్గరికి వస్తాను. నేను కల్పించిన మొదటి భాషలో పద్నాలుగు విభక్తులు ఉండేవి. ఫిన్నిష్‌లో పదిహేను ఉన్నాయని చదివి, ఒకటి తగ్గించి వినయం చూపించాననుకున్నాను. ఆరు నెలల తర్వాత ‘తనకేమీ తెలియదని చెప్పింది’ అన్న చిన్న వాక్యాన్ని అందులోకి మార్చలేకపోయాను. ‘లోపలి నుంచి బయటికి’ చెప్పడానికి ప్రత్యయం ఉంది. ఒక వాక్యాన్ని ఇంకో వాక్యంలో ఇమిడ్చే దారి లేదు.

ఈ విషయంలో పాణిని చేసిన విభజన కల్పిత భాషలకు కూడా చక్కగా పనికొస్తుంది. కారకం వేరు, విభక్తి వేరు. పనిలో ఎవరి పాత్ర ఏమిటన్నది కారకం, అవి ఆరే. ఆ పాత్ర మాట మీద ఏ గుర్తుగా కనిపిస్తుందన్నది విభక్తి. ‘రామేణ బాణేన హతో వాలీ’ అన్న పాత ఉదాహరణలో రాముడు కర్త, బాణం సాధనం, రెండింటికీ తృతీయా విభక్తే. కాబట్టి ముందు పాత్రలను గుర్తించండి. ఏయే పాత్రలకు ఒకే గుర్తు పంచాలో, ఏ పాత్రకు గుర్తే అక్కరలేదో తర్వాత తేల్చండి. భాషకు రంగు ఇచ్చేది ఆ పంపకమే.

ఈ మూడు వాక్యాలు తీసుకోండి: ‘పిల్లవాడు పడ్డాడు.’ ‘పిల్లవాడు కుండ పగలగొట్టాడు.’ ‘కుండ పగిలింది.’ తెలుగులో పిల్లవాడికి రెండు చోట్లా ఒకే రూపం. బాస్క్ భాషలో అలా కాదు. పడ్డవాడూ పగిలిందీ పగలగొట్టబడిన కుండా ఒక జట్టు. పగలగొట్టినవాడికి మాత్రం ప్రత్యేకమైన గుర్తు. దీన్ని ఎర్గేటివ్ పద్ధతి అంటారు. హిందీలో దీని తునక ఒకటి మీకు తెలిసే ఉంటుంది: ‘లడ్‌కే నే రోటీ ఖాయీ’. భూతకాలంలో కర్తకు ‘నే’ తగిలింది, క్రియ రొట్టెతో కలిసి స్త్రీలింగం అయింది. ‘అవతార్’ సినిమా కోసం పాల్ ఫ్రామర్ చేసిన నావి భాషలో మూడు పాత్రలకూ మూడు వేరువేరు రూపాలు. సహజ భాషల్లో ఇది చాలా అరుదు, పరాయి గ్రహవాసులకు కాబట్టి నప్పింది. మీ జాతి మనుషులే కనుక అంత దూరం వెళ్ళాలా అన్నది మీరు చూసుకోండి.

పదక్రమం గురించి ఎక్కువ చెప్పను. క్రియ చివర వచ్చే భాషల్లో ‘లో, మీద, కోసం’ లాంటివి సాధారణంగా నామవాచకం తర్వాతే వస్తాయి. తెలుగు, జపనీస్, టర్కిష్ అన్నీ అంతే. క్రియ ముందు వచ్చే వెల్ష్, హవాయి లాంటి భాషల్లో అవి ముందు వస్తాయి. 1963లో భాషాశాస్త్రవేత్త జోసెఫ్ గ్రీన్‌బర్గ్ ఇలాంటి పోకడలను నలభై అయిదు సూత్రాలుగా కూర్చాడు. ఇవి పోకడలే, చట్టాలు కావు. పర్షియన్‌లో క్రియ చివరే ఉన్నా ‘లో’కు సమానమైన మాట ముందే వస్తుంది. ‘స్టార్ ట్రెక్’ సినిమాల్లోని పరాయి గ్రహవాసుల క్లింగన్ భాషకు మార్క్ ఓక్రాండ్ కావాలనే కర్మ, క్రియ, కర్త అనే అరుదైన వరుస పెట్టాడు. వింతగా వినిపించాలన్నది ఆయన లక్ష్యం. అమెజాన్ ప్రాంతంలోని హిష్కర్యాన భాషకు మాత్రం ఆ వరుస సహజమే.

ఇక వాక్యాలు. నేను ప్రతి కొత్త భాషనూ ఒకే పక్షి మీద పరీక్షిస్తాను:

పక్షి ఎగిరింది.
పక్షి పురుగును తింది.
పురుగును తిన్న పక్షి చచ్చిపోయింది.
పక్షి చచ్చిపోయిందని నాకు తెలుసు.
ఆ పురుగును తినకపోతే బతికేది.
దానిచేత పురుగును తినిపించింది ఎవరు?
ఈ పక్షి ఆ పక్షి కంటే పెద్దది.
ఏ పక్షీ తిరిగి రాలేదు.

మొదటి రెండూ అందరూ దాటేస్తారు. మూడో వాక్యం దగ్గర అసలు వ్యాకరణం మొదలవుతుంది. ‘తిన్న పక్షి’ అని క్రియను విశేషణంగా మలిచి నామవాచకం ముందు పెట్టడం మన అలవాటు. మీ భాషలో ‘పక్షి, అది పురుగును తింది, చచ్చిపోయింది’ అని రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టినా తప్పులేదు. ఏడో వాక్యానికి ‘కంటే’ లాంటి మాట ఉండి తీరాలనేమీ లేదు. ఆఫ్రికాలోని చాలా భాషల్లో ‘మించు’ అనే క్రియతో పోల్చి చెబుతారు. ప్రతి వాక్యం కిందా రెండు వరుసలు రాసుకోండి, ఒకదాంట్లో ముక్కముక్కకూ అర్థం, రెండోదాంట్లో మామూలు తెలుగు. మొదటి వరుస చదువుతుంటే తెలుగులాగే సాఫీగా సాగిపోయిందంటే, అనుమానించాల్సిన చోటు అదే.

మీ మూడో ప్రశ్న అపవాదాల గురించి. వాటిని చేత్తో చల్లకండి. చల్లినవి చల్లినట్టే కనిపిస్తాయి. ముందు అంతా క్రమంగా ఉన్న పాత రూపం తయారుచేసి, దాని మీద ధ్వని మార్పులు నడపండి. ‘చెయ్యి’కి బహువచనం ‘చేతులు’ ఎందుకైంది, ‘రాయి’ ‘రాళ్ళు’గా ఎందుకు మారింది అంటే మధ్యలో కాలం నడిచింది కాబట్టి. చిన్న నమూనా చూపిస్తాను. పాత రూపాలు: కెత అంటే పడవ, లూద అంటే తెడ్డు, రూన అంటే పక్షి. చివరి అచ్చు ‘ఇ’గా మారితే బహువచనం: కెతి, లూది, రూని. నియమం ఒకటి: ఇకారం ముందు త, ద వస్తే అవి చ, జ అవుతాయి. కెచి, లూజి వచ్చాయి, రూని మారలేదు. నియమం రెండు: మాట చివరి హ్రస్వ అచ్చు రాలిపోతుంది. ఇప్పుడు పడవ కెత్, పడవలు కెచ్; తెడ్డు లూద్, తెడ్లు లూజ్; పక్షి రూన్, పక్షులు కూడా రూన్! కానీ ‘కు’ అనే అర్థంలో ‘సా’ చేర్చారనుకోండి, అచ్చు మాట చివర లేదు కనుక రాలదు. పక్షికి రూనసా, పక్షులకు రూనిసా. రెండే నియమాలు నడిపితే ఒక అపవాదం, ఒక అస్పష్టత, ప్రత్యయం ముందు మాత్రమే బయటపడే పాత అచ్చు, మూడూ వచ్చాయి. చేయి, చేతికి లాగా ఇదంతా ఎవరూ పనిగట్టుకుని పెట్టినట్టు ఉండదు.

ఇదంతా నవల కోసం చేసే భాషకు. ప్రయోజనం వేరైతే సలహా కూడా తలకిందులవుతుంది. అన్ని దేశాలవాళ్ళూ తేలిగ్గా నేర్చుకోవాలని 1887లో జామెన్‌హాఫ్ ఎస్పెరాంటో అనే భాషను పదహారు నియమాలతో ప్రకటించాడు, అపవాదాలు లేకపోవడమే దాని గొప్ప. అయినా అందులో ద్వితీయకు పెట్టిన ‘న్’ ప్రత్యయాన్ని నేర్చుకునేవాళ్ళు తరచూ మరచిపోతారు. ఎస్పెరాంటోను సంస్కరిస్తూ 1907లో వచ్చిన ఇడో భాష ఆ ‘న్’ను అవసరమైన చోటికే కుదించింది. 2001లో సోన్యా లాంగ్ చేసిన టోకి పోనాలో నూట ఇరవై చిల్లర మాటలే, కాలం చెప్పే ప్రత్యయాలే లేవు, అయినా జనం దాంట్లో కబుర్లు చెప్పుకుంటున్నారు. మరో కొసన 2004లో వెలుగు చూసిన ఇథ్‌కుయిల్ ఉంది. అందులో ఒక్క మాటలో వాక్యమంత అర్థం దట్టించవచ్చు, కానీ చేసినాయనే దాన్ని ధారాళంగా మాట్లాడలేడు. మీ పాత్రలు తుపానులో ఒకరినొకరు కేకలేసి పిలుచుకోవాలి కదా, అది గుర్తుంచుకోండి.

చివరగా, మీ వాక్యాన్నే తీసుకుని నేనైతే ఏం చేస్తానో చూపిస్తాను. క్రియను ముందుకు తెస్తాను, అందువల్ల ‘నీ మాట’ కూడా తిరగబడి ‘మాట నీ’ అవుతుంది. అర్థం కావడానికి వేరే మాట పెట్టను. సముద్రజాతికి అర్థం కావడం అంటే మాట ఒడ్డుకు చేరడమే. సెమ్ అంటే చేరు, తి అంటే ఒడ్డు వైపు, లా అంటే కాదు అనుకుందాం:

వొరె లా సెమ్‌తి హెలు తసే మిరో.

ముక్కముక్కకూ అర్థం: అన్నాడు, కాదు, చేరు ఒడ్డువైపు, మాట, నీ, నేను. ఎవరు ఎవరిని చేరాలన్నది వరుసే చెబుతోంది కాబట్టి విభక్తి ప్రత్యయం ఒక్కటి కూడా అక్కరలేదు. మిరోకి ‘క’ పోయింది, ‘గెన్’ పోయింది, ‘నిన్’ పోయింది. ఇది నా రుచి మాత్రమే, మీకు నచ్చకపోతే విడదీసి మళ్ళీ కట్టండి. మిగిలిన ఏడు పక్షి వాక్యాలు రాసి పెట్టండి, చూసి చెబుతాను. మొదటిది నేనే చెడగొట్టాను: ఎగిరిన పక్షి ఒడ్డు వైపు ఎగిరిందో కడలి వైపు ఎగిరిందో చెప్పకుండా మీరు రాయలేరు.